రెండు గంటల నాలుగు నిమిషాల తైస్తో

2004 ఫిబ్రవరి 7, శనివారం

తైస్తో మాస్టారు పోయాక ఆ ఇంటి గడప తొక్కడం ఇవాళే మొదలు. నవంబరులో శ్మశానంలో ఆయన భార్య ఐలి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏదో గొణిగి వచ్చేశాను. తర్వాత మూడు నెలలు అటువైపు వెళ్ళలేదు. పని ఒత్తిడి.

పని ఒత్తిడి అని ఇక్కడ కూడా రాసుకుంటున్నాను చూడు. ఈ నోటుపుస్తకం చదివేది నేనొక్కణ్ణే కదా.

పొద్దున ఆమే ఫోన్ చేసింది. “ఎస్కో, మీ మాస్టారి కంప్యూటర్లో నా పేరుతో ఏదో ఉంది. నాకు మీట నొక్కడం రాదు. వచ్చి నొక్కిపో” అంది. బాగున్నావా లేదు, ఎందుకు రావడం లేదని నిలదీయడమూ లేదు. నిలదీసి ఉంటే హాయిగా ఉండేది.

ఫైలు పేరు “ఐలికి”. పోయిన ఆగస్టులో సరస్సు ఒడ్డున వాళ్ళ కుటీరంలో చేసిన రికార్డింగు. అప్పటికే డాక్టరు ఆయన గుండె సంగతి చెప్పేసి ఉన్నాడట. నాకు తెలియదు. ఆగస్టులో మాకు మాటల్లేవు.

ఆ కంప్యూటర్లో పాటలు వినడానికి ఉన్నది మాస్టారూ నేనూ ఆరేళ్ళుగా రాస్తూ వచ్చిన ప్లేయరు ప్రోగ్రామే. ఫైలు తెరిచాను. నిడివి దగ్గర 2:04:28 అని పడింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది.

“రెండు గంటలా? మా తైస్తోనా?”

“రెండు గంటల నాలుగు నిమిషాలు.”

“సరిగ్గా చూడు. ఇంకెవరి గొంతో అయ్యుంటుంది. నలభై ఏడేళ్ళ కాపురంలో అన్నీ కూడినా రెండు గంటలు మాట్లాడి ఉండడు.”

నొక్కాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, “ఐలి.”

“ఆపు” అందామె.

ఆపాను. ఆమె వంటింట్లోకి వెళ్ళి గోడ మీది క్యాలెండరు తీసుకొచ్చింది. పెన్సిలుతో శనివారాలకు సున్నాలు చుట్టింది. వారానికి పది నిమిషాలు, శనివారం సౌనాలో ఆవిరి స్నానం చేసి వచ్చాక, కాఫీతో. అలా పదమూడు శనివారాలు. ఆఖరి సున్నా మే ఒకటికి, వాప్పు పండగ రోజుకి పడింది.

“ఒక్కసారే వినేస్తే ఆ తర్వాత నేనేం వినను? ఇలా అయితే తైస్తో వాప్పు పండగ దాకా వస్తాడు. అంతా విన్నాకే కుటీరం తాళం తీస్తాను. అప్పటిదాకా ఆ గుమ్మం ఎక్కను” అంది.

ఆయన పాత పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. నన్ను వంటింట్లోకి తోలేసింది. నేను యాలకుల బన్ను తింటూ గడియారం చూసి, పది నిమిషాలవగానే వెళ్ళి ఆపాను. ఆమె ముక్కు ఎర్రగా ఉంది.

“పడవ బిరడా ఎక్కడ పెట్టాడో చెప్పాడు” అంది.

“ఇంకా?”

“ఇంకా ఏదైతే నీకెందుకు?”

శనివారం శనివారం వచ్చి మీట నొక్కే ఉద్యోగం నాకు ఖాయమైంది. ఇంటికి వస్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఎందుకో తెలియదు. తెలుసు.

ఫిబ్రవరి 9

ఆ ఫైలు బిట్‌రేటు, అంటే ఒక్కో సెకను శబ్దానికి వాడే చోటు, 32 అని చూపించింది. ఉత్త మాటలే కదా, 32 చాలు.

ఫిబ్రవరి 10

మాస్టారు జన్మలో అంత నాసిగా 32 పెట్టే మనిషి కాదు.

ఫిబ్రవరి 14, శనివారం

రెండో వారం. ఎంతదాకా విన్నామో తెర మీద చూపే గీతను పది నిమిషాల దగ్గరికి జరిపి, నొక్కి, వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను. ఒక్క నిమిషం కాలేదు, పిలుపు.

“ఎస్కో, ఇది విన్నదే. పడవ బిరడా మళ్ళీ చెబుతున్నాడు.”

“రెండోసారి చెప్పారేమో.”

“తైస్తోనా? ఒక్కసారి చెప్పడానికే డబ్బులడిగేవాడు.”

తెర వైపు చూశాను. బిట్‌రేటు అంకె 112 అంది, 160 అంది, 96 అంది, మళ్ళీ 128 అంది. నిలకడగా ఉండాల్సిన అంకె అలా ఎగురుతోంది. మాట బరువెక్కినప్పుడు ఎక్కువ, ఊపిరి తీసుకున్నప్పుడు తక్కువ. అంటే ఇది మారే బిట్‌రేటు ఫైలు. అయితే ఆ రెండు గంటల అంకెను నమ్మడానికి లేదు.

“ఏమైందిరా? చచ్చిపోయిన చేపలా నిలబడ్డావు?”

“ఏం లేదు పెద్దమ్మా. గీత కాస్త వెనక్కి పడింది.”

“పోనీలే, మళ్ళీ వింటా. బాగుంది” అని హెడ్‌ఫోన్లు సర్దుకుంది. పది నిమిషాలు విన్నాక, క్యాలెండర్లో రెండో సున్నా కొట్టేసింది.

కాపీ ఒకటి చేసుకుని ఇంటికి తెచ్చాను. రేపు చూస్తాను. ఇవాళ చూడను.

ఫిబ్రవరి 15, ఆదివారం

చూశాను.

వినలేదు. వినకుండా కూడా లెక్కపెట్టొచ్చు. ఫైలు నిండా చిన్న చిన్న ఫ్రేములుంటాయి, ఒక్కో ఫ్రేము సెకనులో నలభయ్యో వంతు కంటే పిసరు ఎక్కువ. మొదటి నుంచి చివరి దాకా అన్నీ లెక్కించాను. డెబ్బై ఒక్క వేల నాలుగు వందల డెబ్బై ఒకటి.

ముప్పై ఒక్క నిమిషాల ఏడు సెకన్లు. అంతే ఉంది. మూడుసార్లు లెక్కించాను. మూడుసార్లూ అంతే.

మా ఆవిడ ఔతి భోజనానికి పిలిస్తే వెళ్ళాను గాని, నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

“రెండు గంటలు అరగంట ఎలా అయింది?” అంది.

“మన ప్లేయరు మొత్తం చూడదు. మొదటి ఫ్రేము ఒక్కటే చూసి, ఇదే లెక్కన చివరి దాకా ఉంటుందనుకుని ఫైలు పరిమాణాన్ని దానితో భాగిస్తుంది.”

“అంటే, బస్టాండు దాటేటప్పుడు బస్సు వేగం చూసి ఊరు ఎన్ని గంటలో చెప్పినట్టు.”

“అచ్చం అంతే.”

“ఇంత తెలివితక్కువగా రాసిందెవరు?”

రొట్టె మీద వెన్న రాస్తూ ఉండిపోయాను. పదిహేనేళ్ళ కాపురం. ఆమె ఇక అడగలేదు.

మామూలుగా ఇలాంటి ఫైళ్ళకు మొత్తం ఎన్ని ఫ్రేములో మొదట్లోనే రాసి ఉంటుంది. శబ్దాన్ని కుదించి ఫైలుగా మార్చే ఎన్‌కోడరు, పనంతా అయ్యాక వెనక్కి వచ్చి ఆ అంకె రాస్తుంది. కానీ మాస్టారు రేడియోలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. టేపు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కడా ఆపకుండా గొట్టంలో నీళ్ళలా నేరుగా ఎన్‌కోడరులోకి, అక్కణ్ణించి నేరుగా డిస్కులోకి వదిలేవారు. మధ్యలో పెద్ద ఫైలు పెట్టుకోవడం ఆయనకు దుబారా. గొట్టంలో పోయింది వెనక్కి రాదు, కాబట్టి ఆ అంకె రాయడం కుదరదు. ఇలాంటి తప్పు మాలాంటి వాళ్ళమే చెయ్యగలం. తెలియనివాడైతే బుద్ధిగా బొమ్మ మీద నొక్కి సరైన ఫైలు చేసి ఉండేవాడు.

ఇప్పటికి ఆమె విన్నది పన్నెండున్నర నిమిషాలు. మిగిలింది పద్దెనిమిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. ఆమె లెక్కలో ఇంకా పదకొండు శనివారాలున్నాయి. నా లెక్కలో రెండు. రెండోది నిండదు.

ఫిబ్రవరి 16

చెప్పాలి.

ఫిబ్రవరి 17

ఫోనులో చెప్పే మాట కాదు. శనివారం చెబుతాను.

ఫిబ్రవరి 18

ఔతికి జవాబు చెప్పలేదు గాని ఇక్కడైనా రాసుకోవాలి. ఆ తెలివితక్కువ పని చేసింది నేను.

పోయిన జూన్‌లో మాస్టారు ఒక కోడు రాసి పంపారు. ఫైలు తెరవగానే ఫ్రేములన్నీ లెక్కపెట్టి, అసలు నిడివి, అసలు సగటు బిట్‌రేటు చూపించే కోడు. బాగా రాశారు. కానీ గంట పాట తెరవాలంటే నాలుగు సెకన్లు పట్టేది.

“నాలుగు సెకన్లు ఎవరు ఆగుతారు మాస్టారూ?” అన్నాను.

“నేను ఆగుతాను.”

“మీరొక్కరే వాడరు కదా. జనానికి వెంటనే అంకె కావాలి.”

“తప్పు అంకైనా సరేనా?”

“దాదాపు సరైన అంకె” అన్నాను.

ఆయన కాఫీ తాగేసి, కప్పు కడిగి బోర్లించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఆ కోడు తీసుకోలేదు. సమస్యల జాబితాలో దాని ఎదురుగా “సరిచేయబడదు” అని రాశాను. ఐదు నెలలు ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. మా ఇద్దరి మధ్యా అంతకంటే పెద్ద పోట్లాట ఉండదు. నవంబరులో పెద్దమ్మ ఫోన్ వచ్చింది.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పింది ఆయన. నాకాయనంటే చాలా ఇష్టం. ఈ మాట ఆయనకు చెప్పాల్సింది. చెబితే ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి చూసి ఉండేవారు.

ఫిబ్రవరి 21, శనివారం

చెప్పలేదు.

చెబుదామనే వెళ్ళాను. మెట్ల మీద మాటలు కూడా కూర్చుకున్నాను. తలుపు తీసిందీ, మొహం నిండా నవ్వు. సౌనా నుంచి వచ్చి చెంపలు ఎర్రగా ఉన్నాయి. జుట్టు దువ్వుకుని, నీలం స్వెటరు వేసుకుని ఉంది. వినడానికి అలంకరించుకుంది.

“త్వరగా రా. పోయినసారి సరిగ్గా పంపు దగ్గర ఆపావు. వారమంతా పంపు గురించే ఆలోచిస్తున్నా” అంది.

అలాంటి మనిషికి ఎలా చెప్పడం?

గీతను అసలు పన్నెండున్నర దగ్గరికి తెచ్చాను. తెర మీద మాత్రం అది యాభై నిమిషాలని చూపిస్తోంది. ఆమె చూడకుండా తెరకు అడ్డంగా నిలబడ్డాను.

“కిటికీకి అడ్డం తప్పుకో, కోటలా నిలబడ్డావు” అంది.

“మీరు వినండి పెద్దమ్మా. తెర చూస్తే కళ్ళు మండుతాయి.”

“నా కళ్ళు నీకంటే నయం.”

పది నిమిషాలు. వంటింట్లో బన్ను తింటూ సెకన్లు లెక్కపెట్టాను. ఇంకా ఎనిమిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. క్యాలెండర్లో మూడో సున్నా కొట్టేసి, మిగిలినవి వేలితో లెక్కపెట్టింది. “పది ఉన్నాయి” అంది. పది కాదు పెద్దమ్మా.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఒక ఉపాయం తట్టింది. గీత వెనక్కి పడితే పోయినసారి ఆమె ఏమీ అనుకోలేదు కదా, బాగుందనే అంది. ఉన్న ముప్పై ఒక్క నిమిషాలనే అటూ ఇటూ తిప్పి వినిపిస్తే? నాలుగు ముక్కలు చేసి వరస మార్చుకుంటూ పోతే మే ఒకటి దాకా లాగొచ్చు.

ఔతికి చెప్పాను.

“ఛీ” అంది. అంతే. లేచి వెళ్ళి స్కీలకు మైనం రాసుకుంది. ఓ గంట తర్వాత తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి, “ఆవిడ ఏం వింటోందో తెలుసా నీకు? ఇల్లెలా నడుపుకోవాలో మొగుడు చెబుతుంటే వింటోంది. దాన్ని కలిపి కొడతావా?” అంది.

తప్పే. తప్పని నాకూ తెలుసు. తెలిసి కూడా ఓ గంటసేపు దాని గురించే ఆలోచించాను.

ఫిబ్రవరి 24

మాస్టారి కోడు పాత ఉత్తరాల్లోంచి తీశాను. చదువుతుంటే ఆయన పక్కనే కూర్చున్నట్టుంది. ఒక్క అదనపు మాట లేదు. ప్రతి పేరూ దేనికో తెలుస్తుంది. నాదైతే నాకే అర్థం కాదు.

నేను కలిపింది కొంచెమే. పాట వెంటనే మొదలవుతుంది. వెనకాల లెక్క సాగుతుంటుంది. లెక్క అయ్యేదాకా నిడివి ఉండే చోట ఖాళీ. అయ్యాకే అంకె. గీతను ఎక్కడికి జరిపితే సరిగ్గా అక్కడే పడుతుంది.

ఎవరూ నాలుగు సెకన్లు ఆగక్కర్లేదు. జూన్‌లోనే కాస్త బుర్ర పెట్టి ఉంటే ఇది రెండు గంటల పని.

ఫిబ్రవరి 26

పెద్దమ్మ ఫోన్. “శనివారం దాల్చినచెక్క బన్ను చేస్తున్నా. ఔతిని కూడా తీసుకురా.” సరే అన్నాను.

ఫిబ్రవరి 28, శనివారం

జ్వరమని ఫోన్ చేశాను. “అయ్యో, గొంతు కూడా బాలేదు నాయనా, పడుకో. తైస్తో ఎక్కడికీ పోడులే” అంది.

లేదు, జ్వరం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చి బడి ఎగ్గొట్టే పిల్లాడిలా.

ఫిబ్రవరి 29, ఆదివారం

అంతా రాయాలి. వరసగా రాస్తాను.

పొద్దున పది గంటలకు వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాను. వెనకాల ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే ఐలి పెద్దమ్మ. చేతిలో ఫ్లాస్కు. బస్సులో వచ్చింది, మధ్యలో ఒక బస్సు మారి. ఈ మంచులో.

“జ్వరానికి బ్లూబెర్రీ జావ తెచ్చా. జ్వరం నీ చేతికి పార కూడా ఇచ్చిందా?” అంది.

పారను మంచు గుట్టలో గుచ్చాను.

“లోపలికి పద. అబద్ధం చెప్పేవాడు మంచులో నిలబడితే నిజంగానే వస్తుంది జ్వరం.”

ఔతి ఆమె కోటు అందుకుని, జావ గిన్నెల్లో పోసి, నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు ముందు ఇక దాక్కునే చోటు లేదు. కూర్చోకుండానే చెప్పేశాను.

“పెద్దమ్మా, అది రెండు గంటలు కాదు. ముప్పై ఒక్క నిమిషాలే. మీరు ఇరవై రెండున్నర వినేశారు. ఇంక ఎనిమిదిన్నరే ఉంది.”

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది.

“మిగతాది పోయిందా? చెడిపోయిందా?”

“పోలేదు. ఎప్పుడూ లేదు. మన ప్లేయరు తప్పు చూపించింది.”

“ఎప్పటినుంచి తెలుసు నీకు?”

“పోయిన పోయిన ఆదివారం నుంచి.”

“అంటే, తెలిసి తెలిసి వచ్చి నా బన్నులు తిన్నావు.”

“తిన్నాను.”

“తెరకు అడ్డం నిలబడి.”

“నిలబడ్డాను. ఇంకోటి కూడా ఉంది. ఈ తప్పు జరగకుండా మాస్టారు జూన్‌లోనే కోడు రాసిచ్చారు. నేనే వద్దన్నాను. అందుకే ఆయన మాట్లాడటం మానేశారు. అందుకే నేను మీ ఇంటికి రాలేదు.” ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి, వంటింట్లో నిలబడి ఏడ్చాను. రాసుకుంటే సిగ్గుగా ఉంది గాని ఏడ్చాను.

పెద్దమ్మకు కోపమొచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు.

“ఎందుకు తప్పు చూపించింది? నాకర్థమయ్యేలా చెప్పు” అంది.

“ఆయన మొదట కాసేపు ఏం మాట్లాడలేదు కదా. మౌనానికి చోటు చాలా తక్కువ చాలు. యంత్రం ఆ మొదటి మౌనం ఒక్కటే చూసి, ఫైలంతా అలాగే ఉంటుందనుకుంది. అలాగైతే ఇంత పెద్ద ఫైలులో రెండు గంటలు పట్టాలి కాబట్టి, రెండు గంటలని చెప్పేసింది.”

ఆమె నా వంక కాసేపు చూసి, నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గట్టిగా నవ్వేసింది. కళ్ళజోడు తీసి స్వెటరు అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

“నోరు విప్పడం లేదు కాబట్టి లోపల గంటలు గంటలు ఉందనుకుందా?”

“అంతే.”

“నేనూ అదే అనుకున్నాన్రా! యాభై ఆరులో, ఇదే రోజున! లీపు రోజు ఆడపిల్ల అడగొచ్చు కదా, నేనే అడిగా పెళ్ళి చేసుకుంటావా అని. కాదంటే మగాడు లంగా గుడ్డ కొనిపెట్టాలని ఆచారం. స్టేషను వంతెన మీద నిలబడి ఓ పావుగంట నీళ్ళ వంక చూశాడు. ఇంతసేపు ఊరుకున్నాడంటే లోపల ఎంత ఉందో అని మురిసిపోయా. చివరికి ‘సరే’ అన్నాడు. అంతే!”

ఔతి కూడా నవ్వింది. నేను ముక్కు తుడుచుకున్నాను.

“మిగిలింది నీ దగ్గరుందా?” అంది పెద్దమ్మ.

“కాపీ ఉంది.”

“పెట్టు. ఇప్పుడే. చెవులకు తగిలించుకునేది వద్దు, బయటికి వినపడేట్టు పెట్టు. మీరిద్దరూ కూర్చోండి. ఒక్కదాన్నే వినలేను ఇది.”

కొత్త ప్లేయరులో తెరిచాను. నిడివి దగ్గర ఖాళీ, తర్వాత 31:07. బిట్‌రేటు దగ్గర 128, సగటు అని. ఆమె ఆ అంకె వంక చూసి తలూపింది. ఇరవై రెండున్నర దగ్గరికి జరిపాను.

మా గదిలో మాస్టారి గొంతు. జూన్ తర్వాత ఆ ఒక్క “ఐలి” తప్ప వినలేదు. మెల్లగా, మాటకీ మాటకీ మధ్య ఎవరో అనుమతిస్తేగాని కదలనట్టు. కుటీరం పైకప్పుకు తారు ఏ వైపు వేయించాలో చెప్పారు. పడవరేవు మూడో పలక కుళ్ళిందని, దాని మీద కాలు పెట్టొద్దని చెప్పారు. పాత పంపు ఎలా విప్పాలో మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, “ఇది నీవల్ల కాదు. ఎస్కోని పిలు. అడిగితే వస్తాడు. అడక్కపోతే రాడు. నాలాంటివాడే” అన్నారు.

ఔతి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత ఆయన చాలాసేపు ఆగారు. గాలి చప్పుడు, ఎక్కడో నీటి పిట్ట కూత. ఐలి పెద్దమ్మ ముందుకు వంగింది. ఇప్పుడేదో చెప్పబోతున్నారని ముగ్గురికీ అనిపించింది. “ఐలి...” అన్నారు. ఆగారు. “కట్టెలు రెండేళ్ళకు సరిపడా కొట్టి పెట్టాను” అన్నారు.

అప్పుడు దూరం నుంచి ఒక ఆడగొంతు, పెరట్లోంచి గట్టిగా: “తైస్తో! కాఫీ చల్లారిపోతోంది!”

“వస్తున్నా.”

కుర్చీ జరిపిన చప్పుడు. టేపు ఆగిన టిక్కు. అయిపోయింది.

పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“అది నేనే” అంది. “అది ఏ రోజో గుర్తులేదు నాకు. రోజూ పిలిచేదాన్నే కదా.”

“మళ్ళీ పెట్టనా?”

“ఆ చివర ఒక్కటి. అది ఒక్కటే పెట్టగలవా?”

పెట్టగలను. నెల కిందట అయితే ఎంత వెతికినా ఆ చోటు దొరికేది కాదు. 31:02 దగ్గరికి జరిపాను. “వస్తున్నా.” మళ్ళీ జరిపాను. “వస్తున్నా.” మూడోసారి ఆమె నా చెయ్యి తోసేసి, ఆ బాణం గుర్తు ఎక్కడుందో చూపించమని, తనే నొక్కింది. మీట నొక్కడం రాని మనిషి. “వస్తున్నా.”

మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు బూట్లు వేసుకుంటూ, “వచ్చే ఆదివారం కుటీరానికి పోదాం. మే దాకా ఆగేదేముంది, అన్నీ చెప్పేశాడు. నువ్వు రావాలి, అడుగుతున్నా” అంది.

“వస్తాను పెద్దమ్మా. మీ రెండు గంటలు పోయాయి. క్షమించండి.”

ఆమె మఫ్లరు చుట్టుకుని, నా చెంప మీద చేత్తో రెండుసార్లు తట్టింది.

“రెండు గంటలు మాట్లాడి ఉంటే ఎవరికి చెబుతున్నాడో అనుకునేదాన్ని. ముప్పై ఒక్క నిమిషాలు, ఎస్కో. మా తైస్తో జీవితంలో ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు. అదంతా నాకే చెప్పాడు.”

బస్సు ఎక్కించి వచ్చాను.